హోబార్ట్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగు: సాయంత్రాలు ఎలా వాడుకోవాలి?

గీత_నల్లకుంట

డిసెంబరు 10 నుంచి జనవరి 18 దాకా ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో, హోబార్ట్‌లో ఉంటాం. మేమిద్దరం, ఆరేళ్ల పాప, మా అత్తగారు. పొద్దు గూకేది 8:50కి అని చూపిస్తోంది. ఆ వెలుగును ఇంట్లో కూర్చుని పోగొట్టుకోవాలని లేదు. ఎక్కడికి వెళ్లాలి, ఎన్నింటికి బయల్దేరాలి? పాప నిద్ర సంగతేంటి? అత్తగారికి రాహుకాలం, సంధ్యాదీపం పట్టింపు, అదీ చెప్పండి.

తూర్పుగట్టు

డిసెంబరు 22న సూర్యోదయం 5:29, అస్తమయం 8:49. ఇందులో ఒక గంట డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) చలవే. దానివల్ల మిట్టమధ్యాహ్నం 12కి కాదు, 1:10 ప్రాంతంలో వస్తుంది. అసలు తేడా ఏమిటంటే, అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు. హైదరాబాదులో పొద్దు గూకాక పాతిక నిమిషాల్లో మసకేస్తుంది. హోబార్ట్‌లో 9:25 దాకా టార్చి లేకుండా నడవొచ్చు. పూర్తి చీకటి పడేసరికి 11 దాటుతుంది, అరోరా (ధ్రువాల వైపు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) మీద ఆశ ఉంటే ఆ తర్వాతే చూడాలి.

యాప్‌లో 8:49 అని ఉంది కదా అని నమ్మి కూర్చోకండి. నగరానికి పడమర 1271 మీటర్ల వెల్లింగ్టన్ కొండ (కునాన్యి అనేది దాని అసలు పేరు) అడ్డం ఉంది. సౌత్ హోబార్ట్ లాంటి కొండపాదం పేటల్లో ఎండ చాలా ముందే పోతుంది. వెలుగు ఉంటుంది గానీ చలి మొదలవుతుంది. ఎండ కావాలంటే డెర్వెంట్ నది దాటి రోస్నీ హిల్‌కో, బెల్లెరీవ్ బీచ్‌కో వెళ్లండి. 2012లో కోహ్లీ శ్రీలంక మీద 133 కొట్టిన మైదానం ఆ బీచ్ పక్కనే. ఏడున్నరకల్లా చేరి నది వైపు చూస్తూ కూర్చోండి. కొండ నీడ ముందు ఊరి కప్పులన్నీ మింగి, రేవు దాటి, నీళ్ల మీద గీత గీసినట్టు మీవైపు పాకుతుంది. నీడ పడిన నీళ్లు సీసం రంగు, ఇవతలివి ఇంకా మెరుస్తూనే ఉంటాయి. నా లెక్కలో కొండెక్కి చూసేదాని కన్నా ఇదే బాగుంటుంది.

కొండెక్కాలంటే కారులో అరగంట పైనే. డిసెంబరులో ఊళ్లో సగటు గరిష్ఠం 20 డిగ్రీల దరిదాపుల్లోనే. పైన ఇంకో 10 తగ్గుతుంది, దానికి గాలి తోడు. అత్తగారికి శాలువా చాలదు, గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ ఉండాలి. నడివేసవిలోనూ ఒక్కోసారి మంచు పడి రోడ్డు మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి.

నిద్రలేమి_నిపుణి

పాప విషయంలో అందరూ చేసే పొరపాటు మొదటి రోజు నుంచే సాయంత్రం షికార్లు పెట్టుకోవడం. హోబార్ట్ మనకన్నా ఐదున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి 8 అంటే పాప ఒంటికి మధ్యాహ్నం రెండున్నర. దానికి తోడు సాయంత్రం వెలుగు కళ్లలో పడితే నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. మొదటి నాలుగైదు రోజులు ఉదయం ఎండలో తిప్పండి. నిద్ర లేచే వేళను రోజుకో గంట చొప్పున ముందుకు తెచ్చి, సాయంత్రం ఆరు తర్వాత పరదాలు వేసేయండి. షికార్లు రెండో వారం నుంచి.

తెల్లవారుజాము 4:55కే వెలుగొస్తుంది. అద్దె ఇళ్లలో రోలర్ బ్లైండ్‌కి రెండు పక్కలా వేలెడు సందు ఉంటుంది, వెలుగు అక్కడి నుంచే దూరుతుంది. నల్లగుడ్డను రంగు ఊడని నీలం మాస్కింగ్ టేపుతో ఫ్రేముకు అంటించండి, గోడకు వద్దు. అద్దానికి ఫాయిల్ అస్సలు అంటించకండి. డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) అయితే వేడి పట్టి పగిలే ప్రమాదం ఉంది.

చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయొద్దు. యూవీ సూచిక (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత) 3 లేదా ఆపైన ఉంటే ఎస్‌పీఎఫ్ 50+ రకం రాయాలి. పెద్దవాళ్లకు ముఖం, మెడకు కలిపి ఒక టీస్పూను, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటి, ఛాతీకి, వీపుకు ఒక్కోటి. బయటికి వెళ్లే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

తిథివారం

పంచాంగం యాప్‌లో ఊరు ‘హోబార్ట్’ అనే పెట్టండి, మెల్‌బోర్న్ పెడితే తప్పొస్తుంది. తిథి ఎక్కడైనా ఒకే క్షణంలో మారుతుంది కాబట్టి హైదరాబాదు సమయానికి 5:30 కలిపితే సరిపోతుంది. రాహుకాలం అలా కాదు, పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్కించాలి. అక్కడ పగలు 15 గంటల 20 నిమిషాలు, ఒక్కో భాగం గంటా 55 నిమిషాలు. సోమవారం రెండో భాగం, అంటే 7:24 నుంచి 9:19. ఆదివారం ఎనిమిదో భాగం, అంటే సాయంత్రం 6:54 నుంచి 8:49. సరిగ్గా మీ షికారు వేళే! అత్తగారితో ముందే మాట్లాడుకోండి.

దీపం పొద్దు గూకే వేళకు పెట్టుకోవచ్చు. సాంబ్రాణి మాత్రం కిటికీ తెరిచి, స్మోక్ అలారానికి దూరంగా. భోగిమంట ఆలోచన వద్దు. అది నడివేసవి, టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో మంటలు నిషేధించే) రోజుల్లో ఆరుబయట మంట వెయ్యడం నేరం. భోగిపళ్లతో సరిపెట్టండి.

గీత_నల్లకుంట

ఆదివారం సంగతి చూసి నవ్వొచ్చింది. తిండి ఎలా? తిరిగొచ్చేసరికి పది అవుతుందేమో.

తూర్పుగట్టు

వెలుగును చూసి తిండి వేళ అంచనా వెయ్యొద్దు. కేఫ్‌లు చాలా వరకు మధ్యాహ్నం మూడుకే మూసేస్తారు, మామూలు దుకాణాలు ఐదు, ఐదున్నరకి. రెస్టారెంట్లో ఎనిమిదిన్నరకు వెళ్తే వంటగది కట్టేశారని చెప్పొచ్చు. పెద్ద సూపర్‌మార్కెట్లు మాత్రం రాత్రి దాకా ఉంటాయి.

చాలా పార్కుల్లో ఉచిత ఎలక్ట్రిక్ బార్బెక్యూ పలకలుంటాయి. బటన్ నొక్కితే వేడెక్కుతుంది, కొంతసేపటికి దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ నొక్కాలి. పలక పూర్తిగా కాగకముందే పనీర్ వేస్తే అంటుకుపోతుంది. నీటిచుక్క చిందిస్తే చుయ్ మనాలి, అప్పుడు నూనె రాయండి. చికెన్ పల్చటి ముక్కలైతేనే లోపలిదాకా ఉడుకుతుంది. మొక్కజొన్న కంకులు ఇంట్లో ఉడికించి తీసుకెళ్లండి, ఆ పలక మీద నిప్పుల రుచి రాదు. పని అయ్యాక వేడిగా ఉండగానే గీకి తుడిచేయాలి, అది అక్కడి మర్యాద.

ఊరి బయటికి కారు తీస్తే పొద్దు గూకే వేళకల్లా తిరిగొచ్చేయండి. మసకపడగానే వాలబీలు, పాడీమెలన్లు (చిన్న కంగారూల్లాంటి జంతువులు) రోడ్డు మీదికి వస్తాయి. ఆలస్యమైతే వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటనివ్వకండి. జంతువు ఎదురైతే స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా బ్రేకు వేయండి. చీకటి వేళ జంతువును గుద్దితే కొన్ని అద్దె కార్ల బీమా వర్తించదు, సంతకం పెట్టే ముందు ఆ నిబంధన చదవండి.