ఒకటో తరగతికి ఆక్సొలాటల్ ఎందుకండీ?

చెరువుగట్టు:
మా అమ్మాయి ముమ్మిడివరం దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి. మొన్న హోంవర్కు ఏంటంటే, ఆక్సొలాటల్ బొమ్మ గీసి రంగులు వేయాలి. ఎక్కడో మెక్సికోలో ఉండే జీవి. తలకి అటూ ఇటూ ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. చూడ్డానికి ముద్దుగానే ఉంది, కాదనను. కానీ మా పిల్లకి కొర్రమీనుకీ మట్టగిడసకీ తేడా తెలీదు. కోరింగ మడ అడవిలో బురద మీద గెంతే చేపలున్నాయి, వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పైగా దాని పేరుకి అర్థం ‘నీటికుక్క’ అని రాయించారు. నీటికుక్క అంటే మన కాలువల్లో తిరిగేది, ఒంటినిండా బొచ్చుండేది. రేపు అది ఎదురైతే పిల్ల ఏమనుకోవాలి? ఇంత చిన్న పిల్లలకి ఇది అవసరమా?

పలకా_బలపం:
నేను వేరే బడిలో ఒకటో తరగతికే చెబుతాను. అవసరమే అంటానండీ. వానాకాలంలో గుంటలోంచి తోకకప్పల్ని సీసాలో పట్టుకెళ్లి చూపిస్తాం. కాళ్లొస్తాయి, తోక పోతుంది, మొప్పలు పోతాయి, కప్పయిపోతుంది. ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు: “ఒక్కటైనా అలాగే ఉండిపోదా టీచర్?” దానికి జవాబే ఆక్సొలాటల్. అదీ కప్పలాగే ఉభయచరం, బల్లిలా తోకుండే సాలమాండర్ జాతి. కాళ్లొచ్చినా మొప్పలు వదలదు, నీళ్లు వదలదు, పిల్ల రూపంలో ఉండగానే గుడ్లు పెడుతుంది. 1864లో కొన్నిటిని ప్యారిస్ తీసుకెళ్తే, వాటికి పుట్టిన పిల్లల్లో కొన్ని మొప్పలు పోగొట్టుకుని నేల మీద తిరిగే సాలమాండర్లుగా మారాయి. అక్కడి శాస్త్రజ్ఞులే నోరెళ్లబెట్టారట. మన దేశంలో సాలమాండర్ చూడాలంటే డార్జిలింగ్ వైపు కొండలకి పోవాలి. కోనసీమలో చూపించేది లేనప్పుడు బొమ్మే గతి.

పడవరేవు:
మా యానాం వైపు దాన్ని నీటిపిల్లి అంటారు. నీటికుక్క అనరు.

చెరువుగట్టు:
నీటిపిల్లి వేరు, అది బావురుపిల్లి. మడ అడవిలో చేపలు పడుతుంది, పిల్లి జాతి. టీచరు గారూ, తోకకప్ప సంగతి బాగుంది. కానీ నేనడిగింది నీటికుక్క గురించి. దానికి మీరు జవాబు చెప్పలేదు.

బుజ్జిగాడి_నాన్న:
బడిలో చెప్పకపోయినా తెలుస్తుందండీ. 2021 నుంచి వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో ఉంది. మావాడు కొనిపెట్టమని ఏడుపు. దానికి 16–18 డిగ్రీల చల్లటి నీళ్లుండాలని చదివాను. మే నెలలో మా డాబా మీద ట్యాంకు నీళ్లతో టీ పెట్టుకోవచ్చు.

లంకింటి_కోడలు:
నా బాధ వేరు. కాలు తెగితే మళ్లీ మొలుస్తుందని చెప్పి పంపారు. మావాడు కూరకి తెచ్చిన మండపీత కాలు విరిచి, పీతని బకెట్లో వేసి, మంచం కింద దాచాడు. మూడో రోజుకి ఇల్లంతా కంపు. ఆరేళ్ల పిల్లలకి సగం చెప్పి వదిలేస్తే ఇలాగే ఉంటుంది.

పలకా_బలపం:
అయ్యో. నిజానికి పీతకీ మళ్లీ కాలొస్తుందండీ, పెంకు మార్చుకునేటప్పుడు. అయితే అది బతికి ఉండాలి కదా! ఆక్సొలాటల్‌కి కాలు ఎముకతో సహా వస్తుంది. విరిస్తే నొప్పి పుడుతుందని కూడా చెప్పాలి, మీరన్నది ఒప్పుకుంటాను.

పాత_పోస్టుమాస్టరు:
పేరు గురించి ఒక మాట. అది అక్కడి నావాటల్ భాషలో పదం. ‘అట్ల్’ అంటే నీరు. ‘షోలోటల్’ అనేది కుక్క తల ఉన్న దేవుడి పేరు. బలి తప్పించుకోవడానికి రూపాలు మార్చుకుంటూ పోయి, చివరికి ఈ జీవిగా మారి నీళ్లలో దాక్కున్నాడని కథ. అందుకని కొందరు నీటికుక్క అంటారు, కొందరు నీటి భూతం అంటారు. కాబట్టి బాబూ, టీచరు చెప్పింది తప్పు కాదు. “మన నీటికుక్క వేరు” అని ఒక్క మాట చేరిస్తే సరిపోయేది.

చెరువుగట్టు:
చేర్చలేదు కదండీ. అదే నేననేది. ముందు మన నీటికుక్క, తర్వాత వాళ్లది.

పలకా_బలపం:
మీ పేరు చూస్తే చేపల చెరువుల వాళ్లలా ఉన్నారు. కోపం తెచ్చుకోకండి గానీ, నీటికుక్కలు చెరువులో చేపలు ఎత్తుకుపోతుంటే వాటిని ఏం చేస్తారో మీ పాపకి చెప్పారా? ముందు అది చెప్పి తర్వాత స్థానిక జీవుల గురించి మాట్లాడదాం.

చెరువుగట్టు:
ఓహో, అక్కడికొచ్చారా. సరే, నేనూ మనసులో మాట చెబుతాను. ఆ పాఠం రెండో పేజీలో ఏముందో తెలుసా? మెక్సికో నగరంలో సోచిమిల్కో అనే చోట కాలువల్లోకి బంగారుతీగ, తిలాపియా చేపల్ని వదిలారట. అవి ఆక్సొలాటల్ గుడ్లనీ పిల్లల్నీ తినేశాయట. పక్కన పళ్లు బయటపెట్టిన చేప బొమ్మ. మా పిల్ల ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని “నాన్నా, మన చేపలు చెడ్డవా?” అంది. మాకు మూడెకరాల చెరువు. అందులో ఉండేది బంగారుతీగే. ఆ బడి ఫీజు కట్టేది ఆ చేపలే. ఏం చెప్పను?

బుజ్జిగాడి_నాన్న:
అదండీ అసలు సంగతి. మూడు రోజులు నీటికుక్క అంటూ తిప్పారు.

పలకా_బలపం:
నిజమే చెప్పొచ్చు కదా. 1998లో అక్కడ చదరపు కిలోమీటరుకి సుమారు 6,000 ఆక్సొలాటల్స్ ఉండేవి, 2014 నాటికి 36. చేపలు తిన్నాయన్నది అబద్ధం కాదు. మీకు బాధ కలుగుతుందని పాఠం మార్చాలా? మా నాన్నగారి పొలం పక్క రొయ్యల చెరువు తవ్వారు. మూడేళ్లలో బోరు నీళ్లు ఉప్పయ్యాయి. కొబ్బరి మొవ్వులు వాలిపోయాయి. ఎకరన్నర వరి పోయింది. ఎవరికి చెప్పినా “చెరువుల వాళ్లు కూడా బతకాలి కదమ్మా” అన్నారు. మా బాధ ఏ పుస్తకంలోనూ రెండో పేజీకి ఎక్కలేదు.

చెరువుగట్టు:
అది రొయ్యలండీ, ఉప్పునీళ్లు. నాది మంచినీళ్ల చెరువు, చేపలు. రెండూ ఒకే గాటన కట్టకండి.

పలకా_బలపం:
మా పక్కాయనా మొదట చేపలనే చెప్పాడు.

పాత_పోస్టుమాస్టరు:
ఇద్దరూ కాస్త ఆగండి. అక్కడ చేపల్ని వదిలింది జనం తిండి కోసమే, ఆక్సొలాటల్ మీద పగతో కాదు. పైగా చేపల తప్పు సగమే. ఆ లోయలో ఉన్న సరస్సుల్ని ఎండగట్టి మెక్సికో నగరాన్ని కట్టారు. మిగిలిన కాలువల్లోకి మురుగు వచ్చి పడింది. పాఠంలో నగరం బొమ్మకి పళ్లు గీయలేదు కదా, చేపకే గీశారు. ఆ విషయంలో బాబు కోపం సబబే. ఇంకోటి. అక్కడ నీళ్లలో మట్టి పోసి లంకల్లా కట్టుకున్న మడులుంటాయి, చినాంపాలంటారు. ఆ రైతుల్లో కొందరు విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి తమ పిల్లకాలువలకి అడ్డు కట్టారు. నీళ్లు వస్తాయి, చేపలు రావు. ఆక్సొలాటల్ లోపల బతుకుతుంది. పిల్లకి ఈ ముక్క కూడా చెప్పు.

లంకింటి_కోడలు:
ఈ ముక్క పుస్తకంలో ఎందుకు పెట్టరో.

పడవరేవు:
నీటిపిల్లే కరెక్టు. మా తాత కూడా అలాగే అనేవాడు.

చెరువుగట్టు:
రాత్రి చెప్పానండీ. “మనం కూడా అడ్డు కడదామా?” అంది. మన దగ్గర ఆక్సొలాటల్ లేదు కదే అన్నాను. “నీటికుక్కకి కడదాం” అంది. దానికి కట్టేది అది రాకుండా, దాచడానికి కాదు అనబోయి ఊరుకున్నాను. పాఠం చెప్పొద్దని ఇక అనను. ఆ పళ్ల బొమ్మ గురించి మాత్రం బడికెళ్లి అడుగుతాను. టీచరు గారూ, నీటికుక్కల గురించి మీరడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు, తెలుసు. మా గట్టు మీద వలలు వేస్తాం, ఒకటి రెండుసార్లు చిక్కుకుని చచ్చాయి. ఉప్పు సంగతి ఇక్కడ వద్దు. వేరే చర్చ పెట్టండి, వస్తాను.

పలకా_బలపం:
పెట్టాను. ‘రొయ్యల చెరువు పక్క వరి పొలం’ అని. వస్తానన్నారు, రండి.