16ఎస్ చెట్టు ఒకటి చెప్తోంది, జీనోమ్ చెట్టు ఇంకోటి. ఏది నమ్మాలి?

మర్రిగూడ_బోరు:
అందరికీ నమస్తే. మా దిక్కు ఫ్లోరైడ్ బోర్ల పక్కన మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియా మీద నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అన్నీ బాసిల్లస్ సీరియస్ గుంపువే. 16ఎస్ అనే ఒక్క జన్యువుతో చుట్టరికాల చెట్టు గీస్తే అన్నీ ఒకే కుప్పగా పడ్డాయి. అన్నిట్లో ఉన్న జన్యువులను కలిపి ఐక్యూ-ట్రీ అనే సాఫ్ట్‌వేర్‌లో గీస్తే మూడు కొమ్మలయ్యాయి, కానీ నడిమి కొమ్మ మీద సపోర్టు (కొమ్మ ఎంత గట్టిదో వందకు చెప్పే అంకె) 82. ఏ చెట్టు నమ్మాలి? రూట్, అంటే చెట్టు మొదలు, ఎక్కడ పెట్టాలి? జీనోమ్ చూసి జాతి తేల్చే జీటీడీబీ-టీకే సాఫ్ట్‌వేర్ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా?

గొర్రెల_డాక్టర్_పాలమూరు:
16ఎస్ పేరెత్తితేనే ఒళ్లు మండుతది. మా మండలంలో గొర్రెలు చచ్చిపోతే ఒక ప్రైవేటు ల్యాబ్ ఆ ఒక్క పోలిక చూసి ఆంత్రాక్స్ అని రాసిచ్చింది. సంతలో మా గొర్రెల దగ్గరికి ఒక్కడు రాలేదు, కాపరులకు ఒకటే టెన్షన్. సీరియస్, తురింజియెన్సిస్, ఆంత్రాసిస్ మూడింటి 16ఎస్ దాదాపు ఒక్కటే. దాదాపు 1,500 అక్షరాల ముక్కలో ఏం తేడా దొరుకుతది? దొమ్మరోగం (ఆంత్రాక్స్) విషం జన్యువులు పీఎక్స్‌ఓ1 అనే ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్‌ఏ ఉంగరం) మీద, పైపొర జన్యువులు పీఎక్స్‌ఓ2 మీద ఉంటాయి. తర్వాత పీసీఆర్ చేయిస్తే మా శాంపిల్లో రెండూ లేవు! అప్పటికే అగ్గువకు అమ్ముకున్నోళ్ల నష్టం ఎవరిస్తారు?

దేవరకొండ_కోడర్:
82 అంటే మంచి సపోర్టే. 70 దాటితే చాలు. థీసిస్‌లో పెట్టెయ్ తమ్మీ.

ల్యాబ్_అక్క:
పెట్టకు, ఆగు. ఆ 70 లెక్క మామూలు బూట్‌స్ట్రాప్‌ది, అంటే డేటాను మళ్లీ మళ్లీ కలిపి చెట్టు గీసి, కొమ్మ ఎన్నిసార్లు వస్తుందో చూసేది. ఫెల్సెన్‌స్టైన్ 1985లో తెచ్చిన పద్ధతి మీద హిల్లిస్, బుల్ 1993లో చూపించింది. ఐక్యూ-ట్రీలో అందరూ నడిపేది అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్. దానికి 95 రావాలి. ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ అనే ఇంకో పరీక్ష కూడా నడిపి అది 80 దాటిందా చూడు. రెండూ దాటితేనే కొమ్మను నమ్ము.

దేవరకొండ_కోడర్:
అక్కా, హైదరాబాద్‌లో నా ఉద్యోగమే ఇది. వేల జీనోముల చెట్లు నా చేతి మీదుగా పోయినయ్. 70 రాసిన పేపర్లు ఎన్ని కావాలి నీకు?

ల్యాబ్_అక్క:
ఎన్ని వేలు గీస్తే ఏంది? ఏ బూట్‌స్ట్రాప్ అని అడక్కుండానే పిల్లగాడికి పెట్టెయ్ అంటున్నవ్. రేపు వైవాలో నిలబడేది వాడు, నువ్వు కాదు.

దేవరకొండ_కోడర్:
నాకు పాఠాలు చెప్పాల్సిన పని లేదు. మామూలు బూట్‌స్ట్రాప్ 100 సార్లు నడిపినా అదే చెట్టు వస్తది, చూసుకో.

నకిరేకల్_వాసి:
ఇద్దరూ కాస్త ఆగండి. వందల జన్యువులు ఒక్క వరుసలో కలిపితే తప్పు కొమ్మకు కూడా 100 రావచ్చు. అన్ని జన్యువులు కలిపినా నడిమి కొమ్మకు 82 దగ్గరే ఆగిందంటే జన్యువులు తమలో తాము కొట్లాడుకుంటూ ఉండొచ్చు. ఒక్కో జన్యువుకు విడిగా చెట్టు గీసి, ఎన్ని ఆ కొమ్మను ఒప్పుకుంటున్నాయో లెక్క తీయి. ఐక్యూ-ట్రీ2లో జీన్ కాంకార్డెన్స్ ఫ్యాక్టర్ అదే చెప్తుంది. సపోర్టు 100 ఉండి, జన్యువుల్లో మూడో వంతు కూడా ఒప్పుకోని కొమ్మలు నేను చూశాను.

పల్లి_చేను:
మాకు పల్లి బుడిపెల్లోనూ ఇదే గోస. వేరుబుడిపెలు కట్టించే నాడ్ జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకుతాయి. న్యూజిలాండ్‌లో లోటస్ అనే పశుగ్రాసపు మొక్క చేలల్లో మందుగా చల్లిన మీసోరైజోబియం బ్యాక్టీరియా నుంచి ఆ జన్యువుల దీవి (గుత్తి) మొత్తం నేలలోని వేరే బ్యాక్టీరియాకు పోయిందని 1995లోనే తేలింది. నాడ్ చెట్టుది ఒక దారి, జీవి చెట్టుది ఇంకో దారి. వనపర్తి దిక్కు రైతులకు ప్యాకెట్లలో అమ్మే రైజోబియం ఏ జాతో ఎవరైనా చూస్తున్నారా?

గొర్రెల_డాక్టర్_పాలమూరు:
పశువుల మందుల్నే ఎవరూ చూస్తలేరు, ప్యాకెట్లు చూస్తరా?

మర్రిగూడ_బోరు:
రూట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ల్యాప్‌టాప్ సంగతి కూడా.

నకిరేకల్_వాసి:
ల్యాప్‌టాప్ ఆశ వదులుకో. జీటీడీబీ-టీకే 120 జన్యువులు తీసి పెద్ద చెట్టులో పెడుతుంది, పదుల జీబీల ర్యామ్ కావాలి. కేబేస్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా నడుస్తుంది. ముందు చెక్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కల్తీ చూసుకో. రెండు బ్యాక్టీరియా కలిసిన జీనోమ్ ఒక్కటున్నా కొమ్మలు గల్లంతవుతాయి.

ల్యాబ్_అక్క:
ఏఎన్‌ఐ (రెండు జీనోముల పోలిక శాతం) కూడా తీయి, 95 శాతం దాటితే ఒకే జాతి. అన్నట్టు, ఫ్లోరైడ్‌ను బయటికి పంపే ఫ్లూక్ జన్యువు నీ వాటిల్లో ఉందా? దాని చెట్టు వేరుగా గీసి పక్కన పెట్టు. మర్రిగూడ మట్టి కాబట్టి నాకైతే ముందు అదే చూడాలని ఉంది.

దేవరకొండ_కోడర్:
అలైన్‌మెంట్ (జన్యువుల వరుసలు పేర్చిన ఫైల్) పంపు తమ్మీ, రాత్రికి మామూలు బూట్‌స్ట్రాప్ నడిపి ఇక్కడే పెడతా. అందరూ చూస్తరు.