వానాకాలంలో కుక్కకు పిడుదుల బెడద

ప్రశ్న (కూకట్‌పల్లి):
వర్షాలు మొదలైనప్పటి నుంచి మా లాబ్రడార్ చెవుల మడతల్లోనూ, కాలివేళ్ల సందుల్లోనూ పిడుదులు కనిపిస్తున్నాయి. స్నానం చేయించిన వారానికే మళ్లీ వస్తున్నాయి. నిన్నటి నుంచి అది అన్నం కూడా ముట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు:
అన్నం ముట్టడం లేదన్నారు కనుక ముందుగా రక్తపరీక్ష చేయించండి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా క్షణం ఆలస్యం చేయకండి. కుక్క శరీర ఉష్ణోగ్రత సాధారణంగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది కాబట్టి, చేత్తో తాకి జ్వరమని తేల్చడం కుదరదు. మనం వేసుకునే జ్వరం మాత్రలు మాత్రం వేయకండి.

మరో జవాబు:
ఇళ్లలో కనిపించే గోధుమరంగు పిడుదు తన జీవితంలో ఎక్కువ భాగం కుక్క ఒంటిమీద కాక గోడ పగుళ్లలోనూ, తలుపు చట్రాల వెనుకా గడుపుతుంది. ఆడ పిడుదు వేలకొద్దీ గుడ్లు పెట్టేదీ అక్కడే. అందుకే స్నానం ఒక్కటే చాలదు. ఒంటిమీద ఉన్నవాటిని పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. కిరోసిన్ పూసే అలవాటు (మా వీధిలో ఇంకా ఉంది) కుక్క చర్మాన్ని కాలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. సాయంత్రమే పశువైద్యుడి వద్దకు తీసుకెళ్తున్నాను. ఇంట్లో ఏ మందు చల్లాలో కూడా ఆయన్నే అడుగుతాను.