నశ్యం డబ్బీయా, బరిణెయా?

ప్రశ్న: ఒక మ్యూజియం కేటలాగు అనువాదం చేస్తున్నానండీ. అందులో 18వ శతాబ్దపు ఫ్రెంచి బంగారు స్నఫ్ బాక్సులు ఉన్నాయి, రొకోకో అనే వంపుల అలంకార శైలివి. ‘ముక్కుపొడుం డబ్బా’ అని రాస్తే మా ఎడిటర్ గారు ఒకటే నవ్వు. కిళ్ళీకొట్టు గుర్తొస్తోందట. ఇంకేమనొచ్చు?

జవాబు: ‘నశ్యపు బరిణె’ అనండి. కుంకుమ బరిణె అందరికీ తెలిసిందే కదా. అరచేతిలో ఇమడాలి, చూడముచ్చటగా ఉండాలి, మూత బిగువుగా పట్టాలి. ఆ మూతే అసలు సంగతి. వదులైతే పొడుం ఆరిపోతుంది, ఖరీదైన కోటు జేబంతా ఒలుకుతుంది. అందుకే పారిస్ పనివాళ్ళు కీలును అంచులోనే కలిపేసేవారు. మూత వేశాక ఎక్కడ తెరుచుకుంటుందో వెతుక్కోవాల్సిందే.

ఇక పైపని. రేకును వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తుగా లేపి, ముందునుంచి సన్నపనిముట్లతో తీర్చేవారు. మన నకాసీ పని చూసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. గవ్వలు, అలలు, మెలి తిరిగిన ఆకులు. ఎడమపక్కన ఉన్న వంపు కుడిపక్కన ఉండదు, అదే రొకోకో లక్షణం. బంగారంలో వెండి ఎక్కువ కలిపితే ఆకుపచ్చ ఛాయ, రాగి కలిపితే ఎరుపు. కొన్నిటిమీద పూలూ ఆకులూ ఈ రంగుల బంగారంతోనే వేశారు, రంగు పూయలేదు.

ఇంకొకరు: బరిణె అంటే నేను ఒప్పుకోనండీ. బరిణె ఇంట్లో అద్దం దగ్గర ఉండేది. ఇది నలుగురిలో బయటికి తీసేది. మూత మీద వేలితో తట్టి, తెరిచి, పక్కవారికి అందించడం ఒక మర్యాద. పైగా రాజుగారి మెప్పు. ఫ్రెంచి రాజు తన బొమ్మ, వజ్రాలు పొదిగిన డబ్బీలను విదేశీ రాయబారులకు కానుకగా ఇచ్చేవాడు. పుచ్చుకున్నవాళ్ళలో కొందరు వాటిని నగల వర్తకుడికే తిరిగి అమ్మి సొమ్ము చేసుకునేవారు. గండపెండేరం తాకట్టు కొట్టుకు వెళ్ళినట్టన్నమాట! కాబట్టి వస్తువు పేరుకంటే ‘బహుమానపు డబ్బీ’ నయం.

మొదటి జవాబు ఇచ్చినవారు: రాజు ఇచ్చినవాటికి సరే. కొనుక్కున్నవాటి మాటేమిటి? ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) రాజు రెండో ఫ్రెడరిక్‌కి వీటి పిచ్చి. ఫ్రాన్సునుంచి దిగుమతి ఆపించి బెర్లిన్‌లోనే చేయించాడు, సైలీషియా ప్రాంతంలో దొరికే క్రిసోప్రేజ్ అనే ఆకుపచ్చ రాయి తొలిపించి మరీ. 1759లో కూనర్స్‌డార్ఫ్ యుద్ధంలో జేబులోని డబ్బీ తగిలే తూటా ఆగిందని చెబుతారు. అదే రాజు విజయాలను ఇజర్లోన్ అనే జర్మన్ ఊళ్ళో ఇత్తడి, రాగి రేకుల మీద అచ్చుతో ఒత్తి పొగాకు డబ్బీలు చేశారు. ఇవి పొడవుగా, బల్లపరుపుగా ఉంటాయి. బంగారం కొనలేనివాడి జేబులోకీ రాజుగారు అలా చేరారు. వాటిని మాత్రం బరిణె అంటే నేనూ నవ్వుతాను. మీ కేటలాగులో ఇత్తడివి కూడా ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు: ఉన్నాయండీ, రెండు. అయితే బంగారానివి ‘నశ్యపు బరిణె’, ఇత్తడివి ‘పొగాకు డబ్బీ’ అని పెడతాను. కానుకగా ఇచ్చిన సంగతి కింద వివరణలో వస్తుంది. రొకోకోని అలాగే ఉంచుతున్నాను. ‘గవ్వల శైలి’ అని రాసి చూశాను కానీ, మా ఎడిటర్ గారిని మళ్ళీ నవ్వించే ధైర్యం లేదు.