చదరంగం గింజల సంఖ్య: 18446744073709551615 కారణాంకాలు ఎవరైనా రాబట్టారా?

పద్యాలపిచ్చి: చదరంగం 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే చంపకమాల ఒకటి తాతగారు నేర్పారు. పావులూరి మల్లన పేరుతో చెప్పుకునే "శర శశి షట్క చంద్ర" పద్యం. అందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు. కాగితం మీద అంకెలు వేసుకుంటే నాకు 19 స్థానాలే వచ్చాయి. 20 రావాలి కదా! పోనీ సరైన సంఖ్యనే స్ప్రెడ్‌షీటులో కొడదామంటే చివరి ఐదు అంకెలూ సున్నాలైపోయాయి. ఇక కారణాంకాలు ఎలా తీయాలి?

లెక్కలపంతులు: నేనూ ఒకప్పుడు అక్కడే బోల్తాపడ్డాను. "వియన్నగాగ్ని" దగ్గర చూడండి. వియత్తు (ఆకాశం) 0, నగం (కొండ) 7, అగ్ని 3. "వియన్నగ" అంతా ఆకాశమే అనుకుంటే 7 గల్లంతు. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి. మొదటి శర ఒకట్ల స్థానంలో 5, చివరి తుహినాంశుడు ఎడమ కొసన 1. అంకెలన్నీ కూడితే 87 రావాలి. మీకు 80 వచ్చి ఉంటుంది. 87 కాబట్టి 3తో నిశ్శేషంగా పోతుంది, 9తో పోదు. అయితే రెండు అంకెలు తారుమారైతే ఈ కూడిక పట్టుకోలేదు, జాగ్రత్త.

సున్నాచుట్టు: నాది ఇంకా వింత. గింజల మొత్తం 2⁶⁴ − 1 కదా, ప్రోగ్రాములో 2⁶⁴ నుంచి 1 తీసేస్తే చివర 6 వచ్చింది. బేసి సంఖ్య సరిసంఖ్య అయి కూర్చుంది! ఫ్లోటింగ్ పాయింట్‌లో (కంప్యూటర్ సంఖ్యలను పరిమిత అంకెలతో ఉజ్జాయింపుగా దాచే పద్ధతి) అంత పెద్ద సంఖ్య దగ్గర ఒకటి తేడా నిలవదట. గుర్తు లేని 64 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చాక సరిపోయింది. ఆ రకంలో పట్టే అతిపెద్ద సంఖ్య సరిగ్గా ఇదే.

శేషం_ఒకటి: దీనికి కంప్యూటర్ ఎందుకండీ? ఏ వర్గం నుంచైనా 1 తీసేస్తే రెండు ముక్కలవుతుంది. 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). మొదటి ముక్కను అలాగే చీలుస్తూ పోండి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదీ ప్రధానమే అనుకున్నారు గణితవేత్త ఫెర్మా. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని విరిచారు: 641 × 6700417. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే.

641 ఎందుకో చేత్తోనే చూడొచ్చు. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 5⁴ + 2⁴ కూడా. 641తో భాగిస్తే 640కి శేషం −1, కాబట్టి 640⁴కి, అంటే 5⁴ × 2²⁸కి, శేషం 1. 5⁴ + 2⁴ = 641 కాబట్టి 5⁴కీ −2⁴కీ శేషం ఒకటే; అందులో 5⁴ బదులు −2⁴ పెట్టండి. −2³²కి శేషం 1 అని తేలుతుంది. అంటే 2³² + 1 నిశ్శేషం. నాకు ఈ సంఖ్యలో అన్నిటికంటే నచ్చింది ఈ మూడు వరుసలే.

సున్నాచుట్టు: భాజకాలు 127 వచ్చాయి నాకు.

శేషం_ఒకటి: 1ని వదిలేసి ఉంటారు. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. 2⁷ = 128.

పద్యాలపిచ్చి: పంతులుగారూ, కూడితే 80 వచ్చింది! నగం దొరికింది. సంబరంగా తాతగారికి ఫోను చేసి 641 సంగతి చెప్పబోతే, "ముందు పద్యం ఎక్కడ తప్పు విడగొట్టావో చెప్పు" అన్నారు.