పెద్ద సమస్యలు తీర్చేది శాస్త్రవేత్తలా, మామూలు మనుషులా?

తొలివాన:

నిన్న రాత్రి ఇంట్లో పెద్ద వాదన అయింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఆరేళ్లుగా నేను వాన కొలుస్తున్నాను. డాబా మీద ఒక రెయిన్‌గేజ్ ఉంది. పొద్దున ఎనిమిదింటికి పైకెళ్లి, గొట్టాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి, వాలంటీర్ల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తాను. నీళ్లు గొట్టం గోడల్ని పట్టుకుని కాస్త పైకి పాకుతాయి, మధ్యలో చిన్న గుంటలా ఉంటుంది. ఆ గుంట అడుగు చూడాలి, అంచు చూడకూడదు. ఇది చేతికి అలవాటవడానికే నాకు నెల పట్టింది.

మా తమ్ముడు అన్నాడు కదా: "అక్కా, ఇదంతా ఎవరు చూస్తారు? వాతావరణ మార్పయినా, మందులకు లొంగని బ్యాక్టీరియా అయినా తేల్చాల్సింది సైంటిస్టులు, అమలు చేయాల్సింది ప్రభుత్వాలు. మనం చేసేది మన మనసుకి మనం జోల పాడుకోవడమే." వాడేమీ ఎగతాళి చేయలేదు. నిజంగా అలాగే నమ్ముతున్నాడు. మీరేమంటారు?

రమణమూర్తి_కె:

నేను మీ తమ్ముడి వైపే అండి. మీ శ్రమంటే గౌరవం ఉంది, కానీ లెక్కలు చూడాలి.

2000 తర్వాత "మీ కార్బన్ ఫుట్‌ప్రింట్ (మీ వల్ల గాల్లోకి పోయే కార్బన్) ఎంతో లెక్కేసుకోండి" అన్న మాటను జనంలోకి పెద్దయెత్తున తీసుకెళ్లిన వాళ్లలో బీపీ అనే చమురు కంపెనీ ఒకటి. చమురు అమ్మేవాళ్లే బాధ్యతను కొనేవాళ్ల నెత్తిన పెట్టారు. మనం ఇంట్లో బల్బులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

అసలు మార్పు ఎక్కడ వచ్చింది? 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేసిన సోలార్ సెల్ తన మీద పడ్డ ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. అక్కణ్నుంచి పరిశోధన, ప్రభుత్వాల సాయం, భారీ ఫ్యాక్టరీలు కలిసి ఒక్క 2010 దశకంలోనే ప్యానెళ్ల ధరను దాదాపు 90 శాతం తగ్గించాయి. ఓజోన్ సంగతీ అంతే. ఫ్రిజ్‌ల్లో, స్ప్రేల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పల్చబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. 1987లో ఆ వాయువుల వాడకం తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ల్యాబు, కొలత, చట్టం. ఈ వరుసలో మామూలు మనిషి ఎక్కడున్నాడో నాకు చూపించండి.

ల్యాబ్‌లో_లక్ష్మి:

నేను బ్యాక్టీరియా మీదే పనిచేస్తాను కాబట్టి రెండు మాటలు.

రమణమూర్తి గారూ, మీ వరుసలో ఒకటి జారిపోయింది. 1974 తర్వాత, అమెరికాలో చట్టం రాకముందే, చాలామంది సీఎఫ్‌సీ ఉన్న స్ప్రే డబ్బాలు కొనడం మానేశారు. అమ్మకాలు పడిపోయాయి, కంపెనీలు వేరే దారి వెతుక్కున్నాయి. స్ప్రేల మీద నిషేధం 1978లో వచ్చింది. ఫ్రిజ్‌ల సంగతి తేలడానికి ఒప్పందం కావాల్సి వచ్చింది, అది ఒప్పుకుంటాను. కానీ తలుపు మొదట తోసింది కొనేవాళ్లే.

ఇంకోటి. "సైంటిస్టులు చూసుకుంటారు" అంటే నాకు టెన్షన్ వస్తుంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది అని అంచనా. నా బల్ల మీద ఏముంటుందో తెలుసా? మూతలు పెట్టిన ప్లేట్ల దొంతర. ఒక్కో ప్లేటులో బ్యాక్టీరియా పొరలా పెరిగి ఉంటుంది, మధ్యలో మందు చుక్క వేసిన చిన్న కాగితం బిళ్ల. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ తేటగా ఒక వలయం రావాలి. పోయిన ఏడాది నేను చూసిన ప్లేట్లలో ఎక్కువ వాటికి ఆ వలయమే లేదు. పొర బిళ్ల దాకా వచ్చి అంటుకుని ఉంది. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసి ఆ ప్లేట్లు చూసినప్పుడు కలిగే నీరసం మాటల్లో చెప్పలేను. మేం ఒక కొత్త మందు వెతికేలోపు, అక్కర్లేని జ్వరాలకు వాడేసిన పాత మందులు పనికిరాకుండా పోతున్నాయి. ఆ వాడకం ల్యాబులో జరిగేది కాదు కదా.

పైగా సైంటిస్టూ ఒక వ్యక్తే. క్లెయిర్ ప్యాటర్సన్ అని ఒకాయన 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చారు. ఆ పని చేస్తున్నప్పుడు ల్యాబులో ఎక్కడ చూసినా సీసం. దుమ్ములో, నీళ్లలో, గాలిలో. అదెక్కణ్నుంచి వస్తోందని తవ్వుకుంటూ పోతే చాలావరకు పెట్రోల్‌లో కలిపే సీసం దగ్గర తేలింది. ఆ మాట బయటికి చెప్పినందుకు ఆయనకొచ్చే పరిశోధన నిధులు పోయాయి. అయినా వదల్లేదు. బళ్లకు సీసం పెట్రోల్ అమ్మడం చివరి దేశమైన అల్జీరియాలో ఆగింది 2021లో. ఆయన అప్పటికి పాతికేళ్ల కిందటే పోయారు.

పాతరేడియో:

గాలిమరల కథ ఎవరైనా చెబుతారేమోనని చూశాను. నేనే చెబుతాను, కొంచెం పొడుగు.

1973 చమురు సంక్షోభం తర్వాత పెద్ద పెద్ద దేశాలు గాలితో కరెంటు తీద్దామని పెద్ద ఇంజినీర్లకు అప్పగించాయి. జర్మనీలో గ్రోవియాన్ అని 3 మెగావాట్ల యంత్రం కట్టారు, దాని రెక్కల చుట్టు వ్యాసం 100 మీటర్లు. 1983లో తిరగడం మొదలుపెట్టింది. ఎక్కువ కాలం ఆగిపోయే ఉంది. 1988 నాటికి విప్పేశారు.

డెన్మార్క్‌లో జరిగింది వేరు. క్రిస్టియన్ రీసేయర్ అనే వడ్రంగి 70ల మధ్యలో తన పెరట్లో 22 కిలోవాట్ల మర ఒకటి కట్టి కరెంటు లైనుకు కలిపేశాడు. ట్విండ్ అనే చోట స్కూలు టీచర్లు, పిల్లలు, వాలంటీర్లు కలిసి 1975 నుంచి 1978 దాకా కష్టపడి 54 మీటర్ల స్తంభం మీద పెద్ద మర నిలబెట్టారు. అది ఈ మధ్య దాకా కూడా తిరుగుతూనే ఉంది.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి సంగతి. మరలున్నవాళ్లు 1978లో సంఘం పెట్టుకున్నారు. ఎవరి మర ఈ నెల ఎన్ని యూనిట్లు ఇచ్చింది, ఎవరిది ఎక్కడ పాడైంది అని పత్రికలో నెలనెలా అచ్చువేశారు. ఏ కంపెనీ మర మంచిదో, ఏది మాట తప్పిందో అందరి కళ్లముందూ ఉండేది. తుఫాను గాలికి అదుపు తప్పి విరిగిన మరల్ని చూశాక, ఒక బ్రేకు చాలదు, విడిగా ఇంకో బ్రేకు ఉండాలని పట్టుబట్టిందీ వాళ్లే. 1978లోనే రీసో పరిశోధన కేంద్రంలో పరీక్షా విభాగం పెట్టారు. 1979 నుంచి, అక్కడ పాసైన మర కొంటే ఖర్చులో 30 శాతం ప్రభుత్వం ఇచ్చింది. ఇవాళ డెన్మార్క్ కరెంటులో సగానికి పైగా గాలిదే.

తొలివాన గారూ, మీరు రోజూ ఎక్కించే అంకె లాంటివే ఆ పత్రికలో అచ్చయినవి కూడా.

రమణమూర్తి_కె:

బాగుంది, ఈ కథ నాకు తెలియదు. కానీ రెండు సందేహాలు.

ఒకటి, వడ్రంగికి పనితనం ఉంది. అందరికీ ఉండదు. రీసేయర్‌ను చూపించి "మీరూ చేయండి" అంటే, చేయలేనివాళ్లు తప్పు తమదే అనుకుని కుంగిపోతారు. పైగా 30 శాతం సాయమే లేకపోతే ఆ పెరటి మరలు పెరట్లోనే ఉండిపోయేవి.

రెండు, మామూలు మనుషులు ఎప్పుడూ మంచివైపే ఉండరు. టీకాలు వద్దని ఊళ్లకు ఊళ్లను తిప్పేదీ వాళ్లే. మా బంధువొకరు నెట్‌లో చూసిన వైద్యాన్ని నమ్మి డాక్టరు మందు మానేశారు. తిరిగి ఆస్పత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. అందుకే, ఎవరికి తోచింది వాళ్లు చేయడమే గొప్ప అని ఎవరైనా అంటే నాకు గుండెల్లో గుబులు పుడుతుంది.

నది_ఒడ్డు:

మీ బంధువు విషయం విని బాధేసింది రమణమూర్తి గారూ. మీ భయం సరైనదే. నేను నర్సుని, అలాంటివాళ్లను రోజూ చూస్తాను.

కానీ నారికురుపు (పొడుగాటి క్రిమి ఒంట్లో పెరిగే జబ్బు) సంగతి ఒకసారి చూడండి. 1986లో ఏడాదికి సుమారు 35 లక్షల మందికి వచ్చేది. 2021 నుంచి 2024 దాకా ప్రపంచం మొత్తంలో ఏ ఏడాదీ 20 కేసులు దాటలేదు. దానికి ఇప్పటికీ టీకా లేదు, మందు లేదు. చెరువు నీళ్లలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న పురుగుతో పాటు ఆ క్రిమి పిల్ల లోపలికి పోతుంది. ఏడాదికి మీటరు దాకా పెరిగి, కాలిమీద బొబ్బలోంచి బయటికొస్తుంది. మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు, అది అక్కడ వేల పిల్లల్ని వదులుతుంది. ఈ చక్రాన్ని కనిపెట్టింది సైన్సే. తెంచింది మాత్రం నీళ్లను గుడ్డతో వడకట్టిన ఆడవాళ్లు, పుండు ఉన్నవాళ్లను చెరువులో దిగనివ్వని ఊరి వాలంటీర్లు. ఆఫ్రికాలోని చాద్‌లో కుక్కలకు కూడా సోకుతుండడంతో పరిశోధకులు మళ్లీ రంగంలోకి దిగాల్సి వచ్చింది.

ఓఆర్ఎస్‌దీ ఇలాంటి కథే. పేగుల్లో చక్కెర ఉంటే ఉప్పు కూడా దానితో పాటు లోపలికి పోతుందని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పారు. 1971లో బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి తాగించారు. తాగించింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు వెళ్లి చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరలీటరు నీళ్లు ఎలా కలపాలో నేర్పారు. తల్లికి ఎంత గుర్తుందన్న దాన్నిబట్టే కార్యకర్తకు జీతం. ఆమె కలిపిన నీళ్లను ల్యాబులో పరీక్షించేవారు కూడా. చూశారా, ఎవరికి తోచింది వాళ్లు చేయడం కాదిది. తల్లి చేతి పనిని ల్యాబు సరిచూసింది.

వినీల_డేటా:

నా ఉద్యోగం వరద అంచనా మోడళ్లు. తొలివాన గారి తమ్ముడు అడిగిన "ఎవరు చూస్తారు" అన్నదానికి నేను జవాబు చెప్పగలను. నేను చూస్తాను.

1997 జులైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఘోరమైన వరద వచ్చి అయిదుగురు చనిపోయారు. ఊరి ఒక పక్క అడుగుకు పైగా వాన, ఇంకో పక్క మామూలు వాన. అధికారిక కొలతల మధ్య ఉన్న ఖాళీలో ఆ కుండపోత దాక్కుంది. ఆ మరుసటి ఏడాదే నోలన్ డోస్కెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇళ్లలోని మనుషుల చేత వాన కొలిపించే కోకోరాస్ అనే నెట్‌వర్క్ మొదలుపెట్టారు. రాడార్ మేఘంలో ఏముందో చెబుతుంది. నేలమీద ఎంత పడిందో గొట్టమే చెప్పాలి. నా మోడల్ తప్పు చెబుతోందని నాకు తెలిసేది కూడా అలాంటి గొట్టాల వల్లే.

అమెరికాలోనే ఫ్లింట్ అనే ఊరి నీళ్ల విషయమూ చెప్పాలి. 2014లో ఊరి నీళ్ల సరఫరా మార్చాక, లీయాన్ వాల్టర్స్ అనే తల్లి పిల్లల ఒంటిమీద దద్దుర్లు చూసి, రంగుమారిన నీళ్లను సీసాల్లో పట్టుకుని సమావేశాలకు వెళ్లింది. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఆమె వదలకుండా ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్‌ను పట్టుకుంది. అప్పట్లో అమెరికాలో చర్య తీసుకోవాల్సిన స్థాయి వందకోట్లలో 15 వంతుల సీసం అయితే, ఆమె ఇంటి నీళ్ల ఒక నమూనాలో 13,200 తేలింది. తర్వాత ఊరివాళ్లే ఇంటింటికీ తిరిగి సీసాలు పంచి నమూనాలు పోగుచేశారు. ఎడ్వర్డ్స్ దగ్గర యంత్రం ఉంది, కానీ ఆ కుళాయి ఎక్కడుందో ఆయనకు తెలియదు.

తొలివాన గారూ, ఒక్క ప్రశ్న. వాన లేని రోజున మీరేం రాస్తారు?

తొలివాన:

ఏమీ రాయను. పడినప్పుడే రాస్తాను. ఏం, తప్పా?

వినీల_డేటా:

తప్పని కాదండి. కానీ ఖాళీ గడి చూస్తే, వాన పడలేదో, మీరు ఊళ్లో లేరో నాకు తెలియదు. ఆ రోజును పక్కన పెట్టేస్తాను. మీరు సున్నా అని రాస్తే అది కొలత. రాడార్‌లో వాన కనిపించి, నేల చేరకుండా గాల్లోనే ఆవిరైపోయిన రోజులుంటాయి. అవి పట్టించేవి సున్నాలే. కరువు మొదలైన తేదీ తెలిసేదీ వాటితోనే.

రమణమూర్తి_కె:

నేను పూర్తిగా మారానని చెప్పలేను. బల్బులు లెక్కపెట్టుకోమని చెప్పేవాళ్లతో నా పోట్లాట అలాగే ఉంది. కొనడం, మానడం అన్నదాన్నే వ్యక్తి పని అనుకుని మాట్లాడాను. కొలవడం, చూసినదాన్ని వదలకుండా పట్టుకోవడం నా లెక్కలోకి రాలేదు. అది నా పొరపాటు.

లక్ష్మి గారూ, ఆ వలయం రాని ప్లేటు ఫొటో ఉంటే ఒకటి పెట్టండి. మా ఇంట్లో చూపించాల్సినవాళ్లున్నారు.

తొలివాన:

వినీల గారూ, ఆరేళ్ల నోట్‌బుక్కులు తీశాను. వానలేని రోజుల్లో కూడా పైకెళ్లి చూసి, పుస్తకంలో గీత పెట్టుకున్నాను. వెబ్‌సైట్‌లో మాత్రం ఎక్కించలేదు. గీత ఉన్న రోజులన్నీ సున్నాలుగా ఎక్కించొచ్చా? గీత లేని రోజులు వదిలేస్తాను, అప్పుడు నేను చూడలేదు కాబట్టి.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. పాత తేదీలు వాడు చదువుతున్నాడు, నేను టైపు చేస్తున్నాను. ఇంకా మొదటి ఏడాది మార్చిలోనే ఉన్నాం.