అప్‌డేట్: అమెరికా ఫోన్‌లో కాల్స్ వెళ్లకపోవడానికి కారణం తెలిసింది

మా బావ అమెరికా నుంచి తెచ్చిన అన్‌లాక్డ్ (ఏ కంపెనీ సిమ్ అయినా వేసుకోగల) ఫోన్‌లో ఒక సిమ్‌కు ఇంటర్నెట్ వస్తున్నా కాల్స్ ఎందుకు వెళ్లడం లేదని ఇంతకుముందు అడిగాను. ఆ నెట్‌వర్క్‌కు 2జీ, 3జీ లేవు కనుక ప్రతి కాల్ 4జీ మీదుగా, అంటే వీవోఎల్‌టీఈ ద్వారానే వెళ్లాలి. ఈ మోడల్‌లో మన దేశపు నెట్‌వర్క్‌లకు ఆ సదుపాయం ఇవ్వలేదు, లాక్ తీసినంత మాత్రాన అది వచ్చి చేరదు. 2జీ ఉన్న మరో నెట్‌వర్క్ సిమ్‌తో హన్మకొండలోనూ, ములుగు దారిలోనూ కాల్స్ స్పష్టంగా వెళ్తున్నాయి, అయితే మాట్లాడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఆగిపోతుంది.

విదేశీ ఫోన్ తెప్పించుకునేవారు దయచేసి పేరును కాక మోడల్ నంబరును బట్టి 3, 5, 8, 40 నంబర్ల 4జీ బ్యాండ్లు (నెట్‌వర్క్ సిగ్నల్ వాడే తరంగాల శ్రేణులు), బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ కావాలంటే 28 కూడా ఉన్నాయో లేవో ముందే చూసుకోండి. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (ఫోన్‌లోనే ఉండే, కార్డు అవసరం లేని డిజిటల్ సిమ్) ఒక్కటే ఆధారం.